రామతీర్థం నుంచి రామగిరి దాకా... బంగారు ఊళ్లకు బండి కట్టండి!

"కారవాన్" అనగానే మన సినిమా కుర్రకారుకి గుర్తొచ్చేది ఒక్కటే. షూటింగు స్పాటులో చెట్టు నీడన ఆగి ఉండే ఏ.సి. బండి. షాటుకీ షాటుకీ మధ్య హీరోగారు అందులోకి వెళ్లి, మేకప్ సరిచేయించుకుని, మళ్లీ దర్శనమిస్తారు. బయట జనం మాత్రం ఎండలో మెడలు సాచి నిలబడతారు!

కానీ కారవాన్ అన్న మాట తారల కోసం పుట్టింది కాదు. ఒంటెల మీద, ఎడ్లబండ్ల మీద సరుకులు వేసుకుని, బారులు తీరి సాగిపోయే బిడారుకి ఉన్న పేరది. విదేశాల్లో ఈనాటికీ కారు వెనక చక్రాల ఇల్లు తగిలించుకుని, పిల్లాపాపలతో ఊళ్లు తిరుగుతారు. ఆస్ట్రేలియాలో అలా తిరిగేవాళ్లకి ఇష్టమైన బాట ఒకటుంది. 1851లో బంగారం బయటపడి, లోకం నలుమూలల నుంచీ జనం ఎగబడిన బల్లారాట్, బెండిగో ఊళ్ల బాట. బల్లారాట్‌లోనైతే 1970 నుంచీ ఆనాటి వీధిని వీధిగా తిరిగి కట్టి చూపిస్తున్నారు. మన స్టూడియో సెట్టింగులా ఉంటుందన్నమాట. అమెరికాలో బోడీ అనే ఊరు ఇంకో రకం. బంగారం అయిపోయింది, జనం లేచిపోయారు. ఇళ్లు, బల్లలు, సీసాలు ఎలా వదిలేసినవి అలాగే ఉన్నాయి. 1962 నుంచి ప్రభుత్వమే ఆ ఖాళీ ఊరిని కాపాడుతోంది.

"మనకెక్కడివండీ అలాంటి ఊళ్లు?" అంటారా? ఉన్నాయి సార్, ఉన్నాయి! మన తెలుగు నేల మీదే కొన్ని, తెలుగువాళ్లు చెమటోడ్చిన పక్క రాష్ట్రంలో ఇంకొన్ని. సోవరిన్ హిల్ లాంటి సెట్టింగులు మాత్రం ఇక్కడ లేవు. టిక్కెట్టు చించి లోపలికి పంపేవాళ్లూ లేరు. నలుగురు స్నేహితులు కలిసి ఒక వ్యాను మాట్లాడుకుని, ఒక స్టవ్వు, పదికిలోల బియ్యం, నాలుగు చాపలు వేసుకుంటే అదే మన కారవాన్. ఉత్తరాంధ్ర కుర్రాళ్లు బయల్దేరాలంటే రామతీర్థం కన్నా మంచి చోటు లేదు. ఎందుకంటారా? వినండి.

నల్ల బంగారంతో మొదటి రీలు

విజయనగరానికి 12 కిలోమీటర్ల దూరంలో రామతీర్థం. శివరాత్రి జాతరకి వెళ్లొచ్చినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. బోధికొండ మీద రాములవారు. పక్క కొండ గురుభక్తులకొండ మీద బౌద్ధ భిక్షువుల విహారాల ఇటుక పునాదులు. ఇంకో కొండ గుహలో జైన తీర్థంకరుల విగ్రహాలు, వెయ్యేళ్ల కిందటి తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి నాటి శాసనం. మూడు మతాల వాళ్లూ ఏరికోరి ఎంచుకున్న ఊరు. బౌద్ధం ఇక్కడ ఉందన్న సంగతి మాత్రం జ్ఞాపకం పెట్టుకోండి. తర్వాతి మజిలీలో దానితో పని పడుతుంది.

రామతీర్థం నుంచి బండిని చీపురుపల్లి వైపు తిప్పితే గరివిడి వస్తుంది. ఆ చుట్టుపక్కలే కోడూరు, గర్భాం. బంగారం కాదుగానీ దాని కోసమే అన్నంత ఆత్రంగా తవ్విన నేల ఇది. ఇక్కడి రాయి నలుపు, పేరు మాంగనీసు. ఉక్కుకి గట్టిదనం ఇచ్చేది అదే. దేశంలో మొట్టమొదట మాంగనీసు తవ్వకం మొదలైంది 1892లో ఈ కోడూరులోనే! ఖనిజం ఓడలెక్కి సీమకు పోయింది. భూగర్భ శాస్త్రజ్ఞుడు ఫెర్మర్ ఇక్కడి వింత రాతికి ఊరి పేరే పెట్టి "కోడూరైట్" అన్నాడు. ఇప్పటికీ భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ఆ పేరే.

మన కోడూరు పేరు పుస్తకాలకెక్కింది. మరి గంపలు మోసిన కోడూరు మనుషుల పేర్లు? ఒక్కటీ ఎక్కలేదు. ఈ ప్రయాణం పొడుగునా మీకు ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఇక్కణ్ణుంచే మనసులో వేసుకోండి.

కళింగం కన్నీళ్లు బంగారు నేల మీద

ఇక అసలు దూరం ఇప్పుడు. విజయవాడ, గుంటూరు, నంద్యాల మీదుగా గుత్తి వైపు. ఒక పగలు, ఒక రాత్రి పట్టే ప్రయాణం. దారిలో పచ్చటి వరిచేలు పోయి, నల్లరేగళ్లు వచ్చి, అవీ పోయి ఎర్రటి నేల మొదలవుతుంది. గుత్తి కోట కనబడిందంటే రాయలసీమ గుండెల్లోకి వచ్చినట్టే.

గుత్తికి దగ్గరలోనే, కర్నూలు జిల్లా సరిహద్దులో, ఎర్రగుడి. ఒక చిన్న గుట్ట, గుట్ట మీద బండలు, బండల మీద అశోకుడి శాసనాలు. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడి కంటబడేదాకా లోకానికి వాటి సంగతి తెలియదు. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. ఒక శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. అచ్చం నాగలి సాలు తిప్పినట్టు!

మన కళింగ ప్రాంతం కుర్రాళ్లు ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారనీ, లక్షన్నర మందిని పట్టుకుపోయారనీ, అందుకు తాను ఎంతో కుమిలిపోయాననీ అశోకుడు చెప్పుకున్నది పదమూడో శాసనంలో. ఆ శాసనం కళింగంలో, అంటే ఒరిస్సాలోని ధౌళిలోగానీ జౌగడలోగానీ చెక్కించలేదు. దెబ్బ తిన్నవాళ్లకి చెప్పని మాటని ఎక్కడో దూరాన చెక్కించాడు. ఆ దూరపు చోట్లలో ఎర్రగుడి ఒకటి! రామతీర్థం కొండ మీద బౌద్ధ విహారాల ఇటుకలు చూసిన కళ్లతోనే వచ్చి ఈ బండని చూడండి. పాఠ్యపుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్న యుద్ధం ఇక్కడ ఒక్కసారిగా మన ఇంటి సంగతి అయిపోతుంది.

ఇంతకీ అశోకుడికి ఇక్కడేం పని? పక్కనున్న ఊరు పేరు జొన్నగిరి. మౌర్యుల దక్షిణ రాజధాని పేరు సువర్ణగిరి. కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనంలో సువర్ణగిరి నుంచి రాజకుమారుడు పంపిన ఆజ్ఞ కనిపిస్తుంది. ఆ సువర్ణగిరే ఈ జొన్నగిరి అని చరిత్రకారుల్లో చాలామంది అంటారు. కాదు, మస్కి దగ్గరి కనకగిరి అనేవాళ్లూ ఉన్నారు. వాదం ఎలా ఉన్నా నేల మాత్రం అబద్ధమాడదు. జొన్నగిరి చుట్టూ పాతకాలం తవ్వకాల గుంటలున్నాయి, రాతిలో బంగారమూ ఉంది. జియోమైసూర్ అనే ప్రైవేటు సంస్థ ఈ కాలంలో అక్కడ గని పనులు చేపట్టింది కూడా.

వాన పడితే చాలు, వేట మొదలు!

గోల్డ్ రష్ అంటే చరిత్ర పుస్తకంలో ముచ్చట అనుకుంటున్నారా? జూన్‌లో రండి. తొలకరి పడిన మర్నాడు జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో జనమే జనం. బంగారం కోసం కాదు, వజ్రాల కోసం! వానకి పైమట్టి కొట్టుకుపోతే మెరుపు రాళ్లు బయటపడతాయి. చుట్టుపక్కల పల్లెల వాళ్లే కాదు, వేరే జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. చెట్ల కింద, గుడి అరుగుల మీద మకాం. అన్నం మూట, నీళ్ల సీసా, నేలకి అతుక్కున్న చూపు. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఒంగిన నడుం లేవదు.

ఒకరికి రాయి దొరుకుతుంది. వ్యాపారి వచ్చి ధర కడతాడు. ఆ కబురు పేపర్లో పడుతుంది. మర్నాడు ఇంకో వెయ్యి కళ్లు అదే నేల మీద. దొరకని వాళ్ల సంగతి ఏ పేపర్లోనూ పడదు. హీరో అవుదామని మద్రాసు రైలెక్కిన వాళ్ల కథలాంటిదేనండీ ఇది! ఒక్క చిరంజీవి పేరు అందరికీ తెలుసు. అదే రైల్లో వెనక్కి వచ్చినవాళ్లెందరో ఎవరు లెక్కపెట్టారు?

విత్తనం వేసిన చేలో కాళ్లు పెడితే రైతు ఊరుకోడు, ఊరుకోవలసిన పనీ లేదు. చూడండి, మాట్లాడండి, టీ తాగండి. అడగకుండా గట్టు దాటకండి.

రామగిరి: గాలిమరల కింద గని

గుత్తి నుంచి అనంతపురం, అక్కణ్ణుంచి దక్షిణంగా రామగిరి. ఇప్పుడిది శ్రీ సత్యసాయి జిల్లా. దూరం నుంచే కొండల మీద తెల్లటి గాలిమరలు కనిపిస్తాయి. 1990ల నుంచి ఇక్కడ గాలితో కరెంటు తీస్తున్నారు. ఏ పాటకైనా పనికొచ్చే లొకేషన్!

కానీ ఆ మరల కింద నేల కథ వేరు. ఎప్పుడో పూర్వులు తవ్వి వదిలిన గుంటల జాడ పట్టుకుని, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ గనులు తెరిచింది. 1920ల చివరికల్లా మూసేసి వెళ్లిపోయింది. చాలా ఏళ్లకి ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ మళ్లీ తెరిచింది. 2001లో మళ్లీ మూత. ఒక ఊరికి రెండుసార్లు ఇంటర్వెల్ ఇచ్చి, మూడో సగం చూపించకుండా దీపాలు వేసినట్టయింది.

అన్నట్టు, "కె.జి.ఎఫ్." దర్శకుడు ప్రశాంత్ నీల్ మూలాలు కూడా ఈ జిల్లాలోనే, మడకశిర దగ్గరి నీలకంఠాపురంలో ఉన్నాయి. కోలారు బంగారాన్ని తెరకెక్కించిన మనిషికి సొంత జిల్లాలోనే ఒక మూతబడ్డ బంగారు గని ఉందన్నమాట!

కె.జి.ఎఫ్.: తెర మీద రాకీ, తెర వెనుక వేలమంది

పెనుకొండ మీదుగా కర్ణాటకలో అడుగుపెట్టి, కోలారు దాటితే కె.జి.ఎఫ్. 2018 డిసెంబరులో మొదటి భాగం, 2022 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చాక ఈ మూడక్షరాలు తెలియని కుర్రాడు తెలుగునాట లేడు. యశ్ సుత్తి పట్టిన పోస్టరు మన సైకిలు షాపుల్లో కూడా వెలిసింది. అయితే సినిమాలో చూపించిన "నరాచి" కల్పన. 1951లో బంగారం బయటపడటం కల్పన. అసలు కథ ఇంకా పాతది, నన్నడిగితే ఇంకా రసవత్తరమైనది.

1802లో మైసూరు సరిహద్దులు కొలవడానికి వచ్చిన జాన్ వారెన్ అనే సైనికాధికారికి ఇక్కడ మట్టిలో బంగారం ఉందని ఊళ్లోవాళ్లు చెప్పారు. ఊరికే కాదు, బండెడు మట్టి తెచ్చి, అతని కళ్లెదుటే కడిగి, పసిడి రజను తీసి చూపించారు! అంటే కనిపెట్టిందెవరు? మన పల్లె జనం. కాగితం మీద పేరు పడిందెవరిది? వారెన్‌ది.

ఆ కాగితాన్ని ఏడు దశాబ్దాల తర్వాత చదివినవాడు మైఖేల్ లావెల్. న్యూజీలాండ్ యుద్ధం నుంచి తిరిగొచ్చి బెంగుళూరులో విశ్రాంతిగా ఉంటున్న ఐరిష్ సిపాయి. 1871లో ఆయన ఎడ్లబండి కట్టించుకుని, అరవై మైళ్లు ప్రయాణించి కోలారు చేరాడు. బంగారు ఊరికి మొదటి కారవాన్ అదే అనుకోండి! 1875లో మైసూరు సర్కారు దగ్గర తవ్వకానికి అనుమతి సంపాదించాడు. ఖర్చు తట్టుకోలేక హక్కులు వేరేవాళ్లకి వదిలేశాడు. ఇవాళ బెంగుళూరులో ఖరీదైన వీధుల్లో ఒకటైన లావెల్ రోడ్డు ఆయన పేరే.

1880లో లండన్ నుంచి జాన్ టేలర్ కంపెనీ దిగింది. ఇంక చూస్కోండి! దొరల బంగళాలు, క్లబ్బులు, చల్లటి గాలి... "చిన్న ఇంగ్లాండు" అన్నారు. 1902లో శివసముద్రం దగ్గర కావేరి నీటితో తీసిన కరెంటు 147 కిలోమీటర్లు తీగల మీద నడిచి ఈ గనులకు చేరింది. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపం వెలిగింది 1905లో. అంటే పట్నం కన్నా మూడేళ్ల ముందే గనికి వెలుగొచ్చింది!

ఆ వెలుగు కింద దిగినవాళ్లెవరు? ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి వచ్చిన తమిళులు, మన చిత్తూరు వైపు తెలుగువాళ్లు. కంపెనీ మంచి రోజుల్లో ముప్పై వేలమంది దాకా పనిచేశారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతుకి వెళ్లింది. అక్కడ రాయి వేడి అరవై డిగ్రీలు దాటుతుంది. ఉన్నట్టుండి రాయి పేలి మీద పడేది. దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మనిషిని లోపల్నుంచి తినేసేది. 1930లో వేలిముద్రలు వేయాలన్న షరతుకి ఎదురు తిరిగి 21 రోజులు సమ్మె చేశారు. మెషిన్ గన్ లేదు, స్లో మోషన్ లేదు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అసలే లేదు. ఉత్త చేతులతో చేసిన హీరోయిజం అది.

ఇదే నేల మీద ఇంకో కథ చెప్పబోయింది పా. రంజిత్ తీసిన "తంగలాన్". 2024 ఆగస్టు 15న తెలుగులోనూ వచ్చింది. విక్రమ్ గోచీ కట్టుకుని, ఒళ్లంతా మట్టి పూసుకుని నటించాడు. ఆ సినిమా మీకు నచ్చిందా లేదా అన్నది వేరే సంగతి. తవ్వినవాడి వైపు కెమెరా తిప్పారు, అది చాలు.

ఇంకో వింత చెప్పనా? 1965లో ఇదే గని లోతుల్లో మన శాస్త్రజ్ఞులు ఆకాశం నుంచి వచ్చే న్యూట్రినో అనే అతి చిన్న కణాల జాడ పట్టారు. అంత లోతున ఇంక వేరే ఏ కణమూ అడ్డురాదు కనుక! బంగారం తీసిన గోతిలోనే విశ్వం రహస్యం దొరికిందన్నమాట. నిర్మాతలెవరూ ఈ కథ ఇంకా ఎత్తుకోలేదు, గమనించండి.

తెర పడింది... జనం లేవలేదు

1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వచ్చాయి. కానీ బంగారం తగ్గిపోతూ వచ్చింది. మొదట్లో టన్ను రాయి పిండి చేస్తే నలభై గ్రాములకు పైగా వచ్చేది. చివరికి మూడు గ్రాములు. టన్ను రాతికి అర కాసు కూడా రాలేదంటే ఆలోచించండి! 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లలో ఈ నేల ఇచ్చింది సుమారు 800 టన్నుల బంగారం.

మరి ఊరికి మిగిలిందేమిటి? గుట్టలు. బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి కొండలు. సైనైడుతో కడిగిన పిండి కనుక "సైనైడ్ గుట్టలు" అంటారు. రాకీ నడిచిన ఆ బూడిదరంగు కొండలు చాలామటుకు సెట్టింగు కాదు, అవే! గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. 2024 జూన్‌లో 13 గుట్టలను మళ్లీ జల్లెడ పట్టి మిగిలిన బంగారం తీసేందుకు కర్ణాటక ప్రభుత్వం కేంద్రానికి ఒప్పుదల తెలిపింది.

మారికుప్పం స్టేషన్‌కి తెల్లారకముందే వెళ్లండి. మారికుప్పం, చాంపియన్, ఊరుగాం, కోరమాండల్... ఈ స్టేషన్ల పేర్లలో చాలావరకు గనుల పేర్లే. చీకట్లో బారులు తీరి రైలెక్కుతున్నవాళ్లలో సగంమంది మీ ఈడు వాళ్లు. బెంగుళూరులో పనిచేసి, రాత్రికి మళ్లీ ఇదే రైల్లో ఇల్లు చేరతారు. తాత గనిలో కిందికి దిగాడు, మనవడు రైల్లో పట్నానికి వెళుతున్నాడు. బోడీలో జనం వెళ్లిపోయారు, ఊరు మిగిలింది. ఇక్కడ బంగారం వెళ్లిపోయింది, జనం మిగిలారు. అందుకే కె.జి.ఎఫ్.ని "దెయ్యాల ఊరు" అని రాసే వాళ్లని నమ్మకండి. బతికున్న మనుషుల్ని దెయ్యాలనడం మర్యాద కాదు.

బండి కట్టేవాళ్లకు నాలుగు మాటలు

కె.జి.ఎఫ్. నుంచి దక్షిణంగా అదే పసిడి రాతి పట్టీ మన కుప్పం వైపు, చిగురుగుంట దాకా వస్తుంది. అక్కడి గనీ 2001లోనే మూతపడింది. తిరుగు ప్రయాణానికి అటుగా వెళ్లి, తిరుపతి మీదుగా ఇల్లు చేరవచ్చు. మొత్తం ఎనిమిది, పది రోజులు పెట్టుకోండి. ఎండాకాలం రాయలసీమ జోలికి పోకండి. తాగే నీళ్లు బండిలో ఎప్పుడూ ఉండాలి. పాత గని నోళ్ల దగ్గరికి వెళ్లడం, సైనైడ్ గుట్టలెక్కి రీల్సు తీయడం వద్దే వద్దు. అది హీరోయిజం కాదు, ఆసుపత్రి ఖర్చు. శాసనం బండల మీద పేర్లు చెక్కే పని అశోకుడు ఎప్పుడో చేసేశాడు, మీరు మళ్లీ చేయనక్కర్లేదు!

బంగారం కథంటే మన తెరకి మొదటి నుంచీ మోజే. 1969 నాటి "మెకన్నాస్ గోల్డ్" చూసి ఊగిపోని ఊరు లేదు. 1971లో కృష్ణ గుర్రమెక్కి, రాజస్థాన్ ఎడారిలో నిధి వెతుక్కుంటూ పరుగుతీసిన "మోసగాళ్లకు మోసగాడు" మన తొలి కౌబాయ్ సినిమా. దాన్ని రాసింది విశాఖలో పుట్టి విజయనగరంలో చదువుకున్న ఆరుద్ర. 2023లో మళ్లీ విడుదలైతే మనవల వయసు వాళ్లు కూడా ఈలలు వేశారు. ఆ కథలన్నింట్లో నిధి చివరికి ఎవరికో ఒకరికి దక్కుతుంది, లేదా ఎవరికీ దక్కదు. పలుగు పట్టినవాడు మాత్రం ఫ్రేములో వెనకెక్కడో మసగ్గా ఉంటాడు.

ఈ బంగారు ఊళ్లలో ఆ మసక మనిషి దగ్గరగా కనిపిస్తాడు. కోడూరు టీ బంకు దగ్గర, జొన్నగిరి చేనిగట్టు మీద, మారికుప్పం ప్లాట్‌ఫారం మీద. పక్కన కూర్చుని పలకరించండి. తాత ఏ గనిలో దిగేవాడో అడగండి. పేరు కూడా అడగండి. వారెన్ మర్చిపోయిన పని అదే.